వస్త్రవిద్యకు పట్టము

ఇంటరు పరీక్ష ముగించిన ఆడపిల్ల ఇంటికి వచ్చి, "నేను వైద్యమునకు పోను, ఇంజనీరింగునకు పోను, ఫ్యాషన్ డిజైన్ చదివెదను" అన్నచో మన ఇండ్లలో మొదట కలుగునది ఆశ్చర్యము. ఆ వెంటనే వచ్చునది ప్రశ్న. "బట్టలు కుట్టుటకు కూడ విశ్వవిద్యాలయమా?" అని తండ్రిగారు అడుగుదురు. తాతగారు కొంచెము చమత్కారులైనచో, "మన వీధి మొదట కూర్చున్న దర్జీకి ఏ పట్టా ఉన్నదమ్మా?" అని కూడ అందురు.

ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయదలచలేదు. ఇది మన ఇండ్లలో మాత్రమే పుట్టిన ప్రశ్న కాదు. లండనులోను, లీడ్సులోను, ఢిల్లీలోను ఎందరో పెద్దలు దీనితో తర్జనభర్జనలు పడినారు. అయితే తాతగారి ప్రశ్నను ఒక్కసారి తిరుగవేసి అడిగినచో చరిత్ర మరింత స్పష్టముగ కనిపించును. దర్జీకి పట్టా ఎక్కడిదని కాదు. పట్టాలిచ్చు విశ్వవిద్యాలయములు ఈ విద్యను ఎవరివద్ద నేర్చుకొన్నవి? నేర్పిన వారి పేర్లు ఏమైనవి?

మొదటి పాఠము మన తీరముననే జరిగినది. పదునేడవ శతాబ్దమున మచిలీపట్నము మొదలుకొని కోరమండల తీరమంతట అద్దిన బట్టలు ఓడలెక్కి యూరపు చేరినవి. అక్కడి వారిని ఆశ్చర్యపరచినది బొమ్మల అందము మాత్రమే కాదు; ఉతికినను రంగు పోకపోవుటయే. వారి ప్రత్తిబట్టపై వేసిన రంగు నీరు తగిలినంతనే వెలిసిపోయెడిది. మన బట్ట ఉతికిన కొలది నిగ్గు తేలెడిది. జనము దీనికై ఎంతగా ఎగబడినదనగా, తమ నేతగాండ్ర జీవనము పోవుచున్నదని ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో ఈ బట్టలను నిషేధించినది. ఇంగ్లండు పార్లమెంటు కూడ 1721లో మరింత కఠినమైన చట్టము చేసినది. నిషేధించినంత మాత్రమున మోజు పోవునా? రహస్యము తెలిసికొనవలెనన్న తహతహ ఇంకను పెరిగినది.

ఆ రహస్యమును కాగితముపై పెట్టిన వారిలో ముఖ్యుడు కూర్డూ అను ఫ్రెంచి జెస్యూట్ పాదిరి. ఈయన తెలుగు నేర్చినవాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతములకు నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకును లాటిను గ్రీకులకును చుట్టరికమున్నదని తరువాతి కాలమున పారిసు పండితులకు వ్రాసి పంపినవాడును ఈయనయే. 1742లో ఈయన స్వదేశమునకు ఒక దీర్ఘమైన లేఖ వ్రాసినాడు. క్రైస్తవ మతము పుచ్చుకొన్న అద్దకపు పనివారిని దగ్గర కూర్చుండబెట్టుకొని, వారు చెప్పినది చెప్పినట్లు అందులో వివరించినాడు. బట్టను కరక్కాయ కషాయమును గేదెపాలును కలిపిన ద్రవములో నానవేయుట, ఎరుపు కావలసిన చోట మాత్రము పటికనీటితో గీయుట, ఆ పిమ్మట చిరివేరు కాగులో ఉడికించుట, అన్నియు వరుసగా ఉన్నవి. బట్టనంతటిని ముంచినను, పటిక తగిలిన చోటనే ఎరుపు నిలుచును. తక్కిన చోట కడిగినచో పోవును. అనగా చిత్రకారుని కలములో ఉన్నది రంగు కాదు, రంగును పట్టి ఉంచెడి పటిక. యూరపు వారికి తెలియనిది ఇదియే. నేటికిని శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారి ఇండ్లకు పోయినచో పాలు, కరక్కాయల వాసనయే ముందుగా పలుకరించును.

ఆ చిరివేరు మొక్కను సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గు కోరమండల తీరపు మొక్కలపై తాను వెలువరించిన గ్రంథమున 1795లో బొమ్మతో సహా వర్ణించినాడు. పాదిరి వద్దకు విద్య నోటి మాటగా వచ్చినది. వైద్యుని వద్దకు మొక్కగా వచ్చినది. రెండును అచ్చుపడినవి. చెప్పిన పనివారి పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

తరువాతి శతాబ్దమున ఇంగ్లండుకు మరియొక చింత పట్టుకొన్నది. యంత్రములు వారివే, బొగ్గు వారిదే, బట్ట కుప్పలు తెప్పలుగా వచ్చుచున్నది; అయినను అందమైన బట్ట కావలసిన వారు ఫ్రాన్సు పట్టునే కోరుచున్నారు. పార్లమెంటు 1835లో ఒక విచారణ సంఘమును వేసినది. దాని ఫలితముగ 1837లో లండనులో ప్రభుత్వ డిజైన్ పాఠశాల వెలసినది. నేటి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్టుకు మూలము అదియే. దాని కథకు మరల వత్తుము. 1851 మహాప్రదర్శనములో భారతీయ వస్త్రములను చూచి అక్కడి కళావిమర్శకులు తమ సరకుల అనాకారితనమునకు బహిరంగముగనే సిగ్గుపడినారు. విద్యార్థులకు మాదిరులుగా ఉంచుటకై ఆ ప్రదర్శనమునుండి వస్తువులు కొనుటకు ప్రభుత్వము 5,000 పౌనులు మంజూరు చేసినది. అట్లు కొన్న వానిలో మన దేశపు పనితనమునకు పెద్దపీట దక్కినది.

ఇక్కడ మేము కొంచెమాగి, 1866లో జరిగిన ఒక పనిని గురించి వివరముగ చెప్పదలచినాము. వస్త్రవిద్యా చరిత్రలో ఇంతటి విచిత్రమైన పాఠ్యగ్రంథము మరియొకటి లేదని మా అభిప్రాయము.

జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను స్కాట్లండు వైద్యుడు లండనులోని ఇండియా ఆఫీసులో భారతదేశపు ఉత్పత్తులపై నివేదికలు వ్రాయు ఉద్యోగి. ఆయన వద్దనున్న గిడ్డంగిలో దేశము నలుమూలలనుండి వచ్చిన బట్టల తానులు పడి ఉన్నవి. ఆయన వానిని కత్తిరింపించి, 700 మాదిరి ముక్కలను 18 సంపుటములలో అతికింపించినాడు. అట్టివి 20 ప్రతులు తయారైనవి. లెక్కవేసినచో 14,000 బట్టముక్కలు! వీనిలో 13 ప్రతులు బ్రిటనులోని వర్తక పరిశ్రమ కేంద్రములకు పోయినవి. 7 భారతదేశమునకు వచ్చినవి. ఒక్కొక్క ప్రతిని ఒక్కొక్క వస్తుప్రదర్శనశాలగా ఆయన భావించినాడు. లాంకషైరులోని ప్రెస్టను నగరమున హారిస్ మ్యూజియములో ఒక ప్రతి నేటికిని భద్రముగ ఉన్నది.

ఉద్దేశమును ఆయన దాచలేదు. మాంచెస్టరు మిల్లుల వారు భారతదేశమునకు బట్ట అమ్ముచున్నారే కాని, ఆ దేశపు వారు ఏమి కట్టుదురో, ఎట్లు కట్టుదురో తెలిసికొనుట లేదని ఆయన ఫిర్యాదు. మిల్లువానికి బట్ట యనగా గజముల లెక్కన సాగుచుండు తాను. మన స్త్రీకి చీర యనగా ఒక ఆద్యంతములు గల వస్తువు. దానికి అంచులున్నవి, పైటకొంగున్నది, లోపలికి పోవు చెరగున్నది. పురుషుని పంచెకును, తలపాగకును అంతే. కత్తెర, సూది తగులకయే మగ్గమునుండి దిగి ఒంటిపైకి ఎక్కు వస్త్రములివి. కనుక అంచు ఎంత వెడల్పుండవలెను, కొంగు ఎంత పొడవుండవలెను, ఎంత బరువైనచో కుచ్చిళ్ళు చక్కగా నిలుచును అన్న నిర్ణయములన్నియు నేతగాడు మగ్గముపైననే చేసివేయును. మనవారికి దర్జీయు, డిజైనరును, నేతగాడును ఒక్కడే. వాట్సను ఇది గ్రహించినాడు. అందుకే ప్రతి ముక్క వద్ద అసలు వస్త్రము పొడవు, వెడల్పు, బరువు, వెల, అది దొరకిన ఊరు వ్రాయించినాడు. ఢాకా మల్లు వంటి నాజూకు పనులతో యంత్రములు పోటీపడనక్కరలేదనియు, కోట్లాది సామాన్యులు కట్టు ముతక బట్టయే అసలు బజారనియు కూడ ఆయన హెచ్చరించినాడు.

చదువుచున్నప్పుడు మనకు రెండు భావములు ఒకేసారి కలుగును. ఒకటి కోపము. మన నేతగాని అన్నములో చేయిపెట్టుటకు ఇంతకంటె శ్రద్ధగా ఎవరును దారి చూపలేదు. రెండవది, అయిష్టముగనైనను, మెప్పు. మనిషి ఒంటిపై బట్ట ఎట్లు నిలుచునో అడుగక బట్టను గురించి మాట్లాడరాదను సూత్రమును, నేడు ఏ ఫ్యాషను విద్యార్థికైనను మొదటి సంవత్సరమున చెప్పు సూత్రమును, ఆయన ఆనాడే ఆచరణలో పెట్టినాడు. ఆ పట్టికలలో ఊరున్నది, వెలయున్నది, బరువున్నది. నేసిన వాని పేరు వ్రాయుటకు మాత్రము గడి లేదు.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1867లో, పారిసు ప్రదర్శనమున ఇంగ్లండు సరకు వెలవెలపోయినది. ఫ్రాన్సు, జర్మనీ దేశములలో పనివారికి శాస్త్రీయమైన చదువు చెప్పించుచున్నారు, మనకు లేదని లయన్ ప్లేఫేర్ అను రసాయనశాస్త్రవేత్త బహిరంగ లేఖ వ్రాసి గగ్గోలు పుట్టించినాడు. ఉన్ని మిల్లులకు నిలయమైన లీడ్సు నగరపు వర్తకులు మేల్కొన్నారు. 1874లో అక్కడ యార్క్‌షైరు సైన్సు కళాశాల తెరువబడినది. లండనులో శతాబ్దములనుండి ఉన్న బట్టల పనివారి శ్రేణి, క్లాత్‌వర్కర్స్ కంపెనీ, ధనమిచ్చి అందులో వస్త్రపరిశ్రమల శాఖను పెట్టించినది. కొలది సంవత్సరములకే అద్దకపు శాఖయు వచ్చినది. దాని ఆచార్యుడు హమ్మెలు 1885లో వ్రాసిన అద్దకపు గ్రంథము చాలకాలము విద్యార్థుల చేతులలో ఉన్నది. ఆ కళాశాలయే పెరిగి 1904లో రాజశాసనముతో లీడ్సు విశ్వవిద్యాలయమైనది. నేత, అద్దకము అను పనులు గణిత, రసాయనములతో ఒకే కప్పు క్రింద కూర్చున్నవి.

ఆ శాఖలో విద్యార్థి నేర్చినదేమి? పడుగు పేకల అల్లికను గళ్ల కాగితముపై గుర్తులుగా వ్రాయుట, నూలు నంబరు లెక్కలు, ఉన్ని శుభ్రపరచుట, రంగును పట్టి ఉంచు లవణముల రసాయనము. ఈ చివరిది మనకు తెలిసినదే. కూర్డూ వ్రాసిన పటిక కథ ఇక్కడ సూత్రములు, సమీకరణములతో పాఠమైనది.

ఈ రసాయనము మనకు చేసిన ఉపకారమును, అపకారమును ఒక్క చిరివేరులో చూడవచ్చును. ఆ వేరులోని ఎరుపునకు ముఖ్యకారణము అలిజరిన్ అను పదార్థము. 1868లో జర్మను శాస్త్రవేత్తలు గ్రేబె, లీబెర్మను దీనిని తారునుండి ప్రయోగశాలలో తయారుచేసినారు. చౌక రంగు పీపాలలో వచ్చి పడినది. తీరపు ఇసుకనేలలలో చిరివేరు సాగు సన్నగిల్లినది. పాఠము నేర్చిన శిష్యుడు గురువు పెరటిలోని మొక్కను పెరికినట్లయినది.

శిష్యుడు అక్కడితో ఆగలేదు. విలియం ఆస్ట్‌బరీ అను భౌతికశాస్త్రవేత్త 1928లో లీడ్సుకు వస్త్రభౌతికశాస్త్రము బోధించుటకు వచ్చినాడు. కుండలు చేయు పనివారి కుటుంబమునుండి వచ్చి, బ్రాగ్ వద్ద ఎక్స్-కిరణముల విద్య నేర్చినవాడు. ఉన్నిని తడిపి సాగదీసినచో సాగును, వదలినచో మరల ముడుచుకొనును. ఇది ప్రతి గొల్లవానికి తెలిసిన సంగతియే. ఎందుకట్లగును? ఆస్ట్‌బరీ ఉన్నిపోగుల గుండ ఎక్స్-కిరణములను పంపి చిత్రములు తీసినాడు. ముడుచుకొన్న పోగుకు ఒక చిత్రము, సాగిన పోగుకు వేరొక చిత్రము వచ్చినవి. ఉన్నిలోని మాంసకృత్తుల గొలుసులు మడతలు పడి ఉన్నవనియు, లాగినప్పుడు ఆ మడతలు విప్పుకొనుచున్నవనియు ఆయన నిర్ణయించినాడు. మడత స్వరూపమును ఆయన ఊహించిన తీరును తరువాతి వారు సరిదిద్దినారు గాని, జీవపదార్థపు అణువులకు ఒక ఆకృతి ఉన్నదనియు, ఆ ఆకృతిలోనే వాని గుణమున్నదనియు చూపిన మొదటివారిలో ఆయన ఒకడు. ఆయన వద్ద పనిచేసిన ఫ్లారెన్స్ బెల్ అను యువతి అదే పరికరముతో డి.ఎన్.ఏ. పోగుల చిత్రములు తీయగా, 1938లో ఇరువురు కలిసి వానిని ప్రకటించినారు. వంశపారంపర్యపు రహస్యమును విప్పిన దారికి మొదటి మైలురాళ్లలో ఒకటి, వినుటకు వింతగా ఉన్నను, ఒక బట్టల ప్రయోగశాలలో పాతబడినది.

లీడ్సులోనే, విశ్వవిద్యాలయమునకు వెలుపలనున్న ఉన్ని పరిశోధన సంస్థలో, మార్టిన్, సింజ్ అను ఇరువురు ఉన్నిలోని అమినో ఆమ్లములను వేరుచేయు ఉపాయమునకై తలలు బద్దలుకొట్టుకొన్నారు. 1941లో వారు ప్రకటించిన పద్ధతి నేడు మందుల కర్మాగారములలో, రక్తపరీక్షలలో, ఆహారపు కల్తీ పరీక్షలలో పనిచేయు క్రొమటోగ్రఫీ పద్ధతులనేకమునకు మూలమైనది. 1952లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. "బట్టల చదువు వలన ఏమి వచ్చును?" అని అడుగు తండ్రిగారికి ఈ ఒక్క సమాధానము చాలునేమో.

ఇంకొక సరదా సంగతి కూడ చెప్పవలెను. వేరుసెనగపప్పులోని మాంసకృత్తులను కరగించి దారముగ లాగవచ్చునని ఆస్ట్‌బరీ మరికొందరితో కలిసి కనుగొన్నాడు. ఒక పెద్ద రసాయన సంస్థ ఆ దారమును ఆర్డిల్ అను పేరున తయారుచేసినది. ఆ దారముతో నేసిన ఓవరుకోటును ఆస్ట్‌బరీ తానే తొడుగుకొని తిరిగినాడు. బజారులో ఆ దారము నిలువలేదు. 1950 దశకము ముగియకమునుపే ఉత్పత్తి ఆగిపోయినది. మన రాయలసీమ రైతు పండించు పంట కోటుగా మారవచ్చునన్న ఊహ మాత్రము మమ్ము ఇంకను నవ్వించుచునే ఉన్నది.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి విశ్వవిద్యాలయము వస్త్రమును ఆదరించినదనియే తోచును. కాని ఆదరము దేనికి లభించినదో గమనింపవలెను. పోగుకు లభించినది, రంగునకు లభించినది, యంత్రమునకు లభించినది. ఆ బట్టను మనిషి ఒంటికి అందముగ అమర్చు పనికి, అనగా స్త్రీలు ఎక్కువగా చేయు పనికి, తలుపు ఇంకను తెరువలేదు.

పూర్వము చెప్పిన లండను డిజైన్ పాఠశాల కాలక్రమమున రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్టు అయినది గదా. అందులో 1948లో ఫ్యాషను శాఖ ఏర్పడి, మాడ్జ్ గార్లండు అను పత్రికారచయిత్రి మొదటి ఆచార్యురాలైనది. 1956లో ఆ స్థానమునకు జేనీ ఐరన్‌సైడ్ వచ్చినది. ధనికుల ఇంటి పెద్దమ్మల దుస్తులు తప్ప ఫ్యాషను లేదనుకొను రోజులవి. ఉద్యోగములు చేసికొను పడుచుపిల్లలకు కావలసిన బట్ట వేరని ఆమె శిష్యులు గ్రహించినారు. ఆసీ క్లార్కు వంటివారు ఆమె వద్ద చదివినవారే. అదే కళాశాలలో వస్త్రముద్రణ చదివిన జాండ్రా రోడ్సు గీసిన అచ్చులను, ఇవి మరీ విడ్డూరముగ ఉన్నవని మిల్లులవారు కొనలేదు. కొననిచో మానిరని, ఆమె తన బట్టతో తానే దుస్తులు కుట్టి పేరు గడించినది. అచ్చు ఎక్కడ ఆగునో కత్తెర అక్కడ ఆగవలెనన్న ఆమె పద్ధతి, బట్టను బట్టి ఆకారము పుట్టవలెనన్న ఆలోచన, మన చీర నేతగానికి కొత్తగా తోచదు.

1967లో ఆ కళాశాలకు పట్టములిచ్చు అధికారముతో విశ్వవిద్యాలయ స్థాయి వచ్చినది. ఇతర శాఖలకు పట్టములు ప్రకటించినారు. ఫ్యాషను శాఖకు ఇవ్వలేదు. దేశదేశములలో ఆ కళాశాల పేరు మారుమ్రోగుటకు కారణమైన శాఖలలో అది ఒకటి! ఐరన్‌సైడ్ తన ఆచార్యపదవికి రాజీనామా ఇచ్చి వెడలిపోయినది. తరువాతి కాలమున ఆ శాఖకును పట్టము వచ్చినది గాని, అప్పటికి ఆమె అక్కడ లేదు. కుర్చీ తయారుచేయు పనికి తగిన పట్టము, రవిక తయారుచేయు పనికి తగదనుటకు వారు చూపిన తర్కమేమో మాకు బోధపడలేదు. రెండును మనిషి ఒంటి కొలతలతోనే మొదలగును.

మన దేశమున కథ వేరు దారిని నడచినను, చివరకు అదే తలుపు వద్ద ఆగినది. భారత ప్రభుత్వము పిలుపుపై వచ్చిన చార్లెస్, రే ఈమ్సు దంపతులు 1958లో ఒక నివేదిక సమర్పించినారు. మన ఇంటింట ఉండు చెంబును తీసికొని, దీని మూతి, బొజ్జ, బరువు, నీరు వంచునప్పటి నడక, కడుగుటకు వీలు, వీనిని ఎవరో ఒక్కరు కూర్చుని నిర్ణయించలేదు, తరతరములు కలిసి నిర్ణయించినవి అని వారు చెప్పినారు. ఆ నివేదిక ప్రేరణగా 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడినది. ఫిన్లండు దేశపు హెలెనా పెర్హెంటుపా అక్కడి వస్త్రశాఖను తీర్చిదిద్దినది. అంతకు ముందునుండియు మన మహిళా కళాశాలలలో గృహవిజ్ఞానము క్రింద వస్త్రములు, కుట్టుపని పాఠములుగ ఉండెడివి. ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల 1932లోనే వెలసినది. ఈ గృహవిజ్ఞానమును చులకనగ చూచుట పెద్దలకు అలవాటు. కాని మన దేశమున వస్త్రవిద్య విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి ముందుగా అడుగుపెట్టిన ద్వారములలో వంటయింటి ప్రక్కనున్న ఈ చిన్న తలుపు ఒకటి.

ఫ్యాషనుకే ప్రత్యేకముగ, జౌళి మంత్రిత్వశాఖ ఆధ్వర్యమున 1986లో ఢిల్లీలో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, జనము నోట నిఫ్ట్, ప్రారంభమైనది. న్యూయార్కులోని తత్సమానమైన సంస్థ మొదట తోడ్పడినది. 1995లో హైదరాబాదునకును దాని శాఖ వచ్చినది. ఇన్నిటిలోను విద్యార్థులు చదివినది పట్టమునకు కాదు, డిప్లమాకే. పార్లమెంటు 2006లో చట్టము చేసిన పిమ్మటనే నిఫ్ట్ పట్టములివ్వగలిగినది. అహమ్మదాబాదు సంస్థ ఆ అధికారము కొరకు 2014 చట్టము వచ్చువరకు, అనగా 53 సంవత్సరములు, ఆగవలసి వచ్చినది. ఐరన్‌సైడ్ అలిగి వెళ్లిన తలుపు ఎంత బరువైనదో దీనివలన తెలియును.

ఇప్పుడు ఆ విద్యార్థి ఏమి చదువునో ఆమె తండ్రిగారికి చెప్పవచ్చును. పోగు గుణము, నూలు పురి, అల్లిక గణితము, రంగుల రసాయనము, ఒంటి కొలత, కాగితముపై నమూనా కత్తిరింపు, బొమ్మపై గుడ్డను నేరుగా అమర్చి చూచుట, వెల కట్టుట, వీనితోపాటు వస్త్రముల చరిత్ర. కంప్యూటరుపై అల్లికను గీసి, మగ్గమెక్కకముందే బట్టను తెరపై చూచుకొనుటయు నేడు పాఠములో భాగమే. వీనిలో మాకు అన్నిటికంటె ముఖ్యమని తోచునది వేరొకటి. ఈ విద్యార్థులను నేతపల్లెలకు పంపుదురు. వారు కొన్ని దినములు అక్కడ ఉండి, మగ్గము ప్రక్కన కూర్చుండి, చూచినది వ్రాసికొని, మాదిరి ముక్కలు అతికించి, గ్రంథముగ కూర్చవలెను.

ఈ మాట వినగానే శ్రోతలకు ఎవరు గుర్తుకు రావలెనో వేరుగ చెప్పనక్కరలేదు. కాగితముతో పాదిరి వచ్చినాడు, కత్తెరతో వాట్సను వచ్చినాడు. ఇప్పుడు చరవాణితో మన పిల్ల వచ్చినది. ఆమె వ్రాసికొనిపోవు పుస్తకములో నేసినవాని పేరునకు గడి ఉన్నదా లేదా అన్నదే ఆమె ఆచార్యులను మేము అడుగదలచిన ప్రశ్న. ఉన్న చోట్లను మేమెరుగుదుము. లేని చోట్లను ఎరుగుదుము. పల్లెలో పుట్టిన అంచు పట్టణపు డిజైనరు పేరుతో గాజు అద్దాల వెనుక నిలుచుట మనము చూడనిది కాదు.

మరియొక మార్గమును ఉన్నది. మాదిరి తీసికొనిపోవుటకు బదులు మగ్గము బిడ్డనే చదువునకు రప్పించుట. ప్రభుత్వ చేనేత సాంకేతిక విద్యాసంస్థలు ఈ పని చేయుచున్నవి. నెల్లూరు సీమలో జరీ చీరలకు పేరుపడిన వెంకటగిరిలో ఉన్నదానికి చేనేతవారి నాయకుడు ప్రగడ కోటయ్యగారి పేరు పెట్టినారు. తండ్రి చేతితో నేసిన అల్లికను కొడుకు గళ్ల కాగితముపై వ్రాసి, అది ఏ సూత్రమో తండ్రికే చెప్పు వింత అచ్చట సాధ్యము.

కాని నూతన కల్పన యెప్పుడును తరగతిగదినుండియే వచ్చునని అనుకొనరాదు. ఇందుకు ఆలేరు ప్రాంతపు కథ ఒకటి చెప్పి ముగింతుము.

పోచంపల్లి వైపు చిటికి కట్టు పట్టుచీరలకు నేతకు ముందు చేయవలసిన పని ఒకటున్నది. దానిని ఆసు పోయుట అందురు. అర్ధచంద్రాకారముగ గుచ్చిన మేకుల చుట్టు, ఇవతలి మేకునుండి అవతలి మేకునకు, పట్టుదారమును చేతితో త్రిప్పుచు పోవలెను. అట్లు వరుసగా పేర్చిన దారములపైననే బొమ్మను గుర్తించి, కట్టి, రంగులో ముంతురు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఇటునటు కదలవలెను. రోజునకు రెండు చీరలకు ఆసు పోసినచో 18,000 సార్లు. ఈ పని తరతరములుగ స్త్రీలదే. చీర కట్టినవారు అంచును చూతురు, బొమ్మను చూతురు. ఆ భుజపు నొప్పి ఎవరికి కనిపించును?

చింతకింది మల్లేశము అను పిల్లవాడు తన తల్లి లక్ష్మి ఈ పనిచేసి రాత్రివేళ భుజము పట్టుకొని బాధపడుట చూచినాడు. అతడు బడి చదువు మధ్యలో ఆపి మగ్గము పట్టినవాడు. ఏ ఇంజనీరింగు పట్టాయు లేనివాడు. చేయి చేయు కదలికను యంత్రముచేత చేయించవలెనని కొన్ని సంవత్సరములు తంటాలుపడినాడు. అతడు అప్పులు చేసి తెచ్చిన కొయ్యతో, చక్రములతో, మోటారుతో ఈ పిచ్చి ఏమని చూచినవారు నవ్వినారు. 1999లో యంత్రము నడచినది. చీరకు నాలుగు గంటలు పట్టు ఆసు గంటన్నరలో ముగిసినది, చేయి కదలనక్కరలేకపోయినది. ఆ ప్రాంతపు ఇండ్లలో అనేకులు ఆ యంత్రములను పెట్టుకొన్నారు. 2017లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నిచ్చినది. డిజైన్ విద్యాలయములలో నేడు అతని యంత్రము పాఠముగ చెప్పబడుచున్నది.

వాట్సను సంపుటములలో లేని గడిని మల్లేశము తన యంత్రముపైననే నింపినాడు. దానికి అతడు పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రము.